చిగుళ్ల శస్త్రచికిత్స తరువాత వాపు: ఓపిక పట్టవలసినదెప్పుడు, ఆసుపత్రికి పరుగెత్తవలసినదెప్పుడు

చిగుళ్ల వ్యాధి ముదిరి శస్త్రచికిత్స వరకు వెళ్లినవారిలో చాలామంది అనుభవం ఒకే విధంగా ఉంటుంది. ఆపరేషన్ జరిగిన రోజు మత్తు సూది ప్రభావం వలన కొన్ని గంటలపాటు నొప్పి తెలియదు. మరునాటి ఉదయానికి బుగ్గ బరువెక్కుతుంది. మూడవ రోజుకు ముఖం ఒకవైపు ఉబ్బి కనిపిస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆందోళన చెంది, చికిత్స వికటించిందన్న నిర్ణయానికి వస్తారు.

సరిహద్దు గ్రామాలవారికి ఈ ఆందోళన మరికొంత ఎక్కువ. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలవారు బెంగళూరుకు, పర్లాకిమిడి, రాయగడ వైపువారు విశాఖపట్నానికో కటక్‌కో, చంద్రపూర్, గడ్చిరోలి వైపువారు నాగపూర్‌కు, యానాంవారు కాకినాడకు దంతవైద్యం కొరకు వెళ్లి వస్తుంటారు. కుట్లు వేయించుకొని బస్సెక్కి ఇల్లు చేరిన తరువాత, వాపు చూసి తిరిగి వెళ్లాలా వద్దా అన్నది కుటుంబమే తేల్చుకోవలసి వస్తుంది. అకారణంగా భయపడి మందులు మానేసి నాటు చిట్కాలకు దిగేవారు కొందరు. నిజమైన ప్రమాదం వచ్చినా "ఆపరేషన్ కదా, వాపు ఉండదా" అని ఊరుకొనేవారు మరికొందరు. ఇరువురికీ నష్టమే. మానడానికి తోడ్పడే వాపు ఏది, హెచ్చరికగా వచ్చే వాపు ఏది అన్న తేడా తెలిస్తే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి.

వ్యాధి మొదలయ్యే తీరు

పంటిమీద ప్రతిరోజూ పలుచని జిగురు పొర ఏర్పడుతుంది. దీనినే పాచి అంటాము. ఇది ఆహారపు మిగులు మాత్రమే కాదు, కోట్లాది సూక్ష్మజీవులు గుంపుగా కాపురముండే పొర. తోమి తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజ లవణాలతో కలిసి గట్టిపడి గారగా మారుతుంది. గారను బ్రష్షు గాని, వేపపుల్ల గాని తీయలేవు.

పాచి చిగురు అంచున నిలిచినప్పుడు దానిని ఎదుర్కొనేందుకు శరీరం అక్కడికి రక్తాన్ని, తెల్ల రక్తకణాలను పంపుతుంది. చిగురు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తోముకున్నప్పుడు రక్తం కారుతుంది. ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమవుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించి పరిశీలించారు. మూడు వారాలలోపు అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టగా ఇంచుమించు వారం రోజులలో ఆ వాపు తగ్గిపోయింది. చిగుళ్ల వాపుకు మూలం పాచియేనని ఆ ప్రయోగం తేటతెల్లం చేసింది.

వాపు ఏళ్ల తరబడి నిలిచిపోతే కథ మారుతుంది. పంటికి, చిగురుకు మధ్య ఉండే సన్నని సందు ఆరోగ్యవంతులలో 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. వ్యాధిలో అది 4, 5, 6 మిల్లీమీటర్లకు, కొందరిలో అంతకు మించి లోతవుతుంది. దీనినే వైద్యులు పాకెట్ అంటారు. ఆ సంచిలోనికి బ్రష్షు చేరదు, సూక్ష్మజీవులు మాత్రం చేరుతాయి. పంటిని ఎముకకు కట్టి ఉంచే సన్నని నారలు తెగుతాయి, దవడ ఎముక కరుగుతుంది, పళ్లు కదులుతాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎముక కరగడంలో సూక్ష్మజీవుల విషపదార్థాలకంటె, వాటితో పోరాడుతూ మన శరీరమే విడుదల చేసే రసాయనాల పాత్ర ఎక్కువ. పొలంలో పడిన పశువులను తోలబోయినవారు తామే పైరును తొక్కినట్లు, ఎంతకూ ముగియని పోరాటం సొంత కణజాలాన్నే నాశనం చేస్తుంది.

శస్త్రచికిత్సలో జరిగేది

వైద్యులు మొదటనే కత్తి పట్టరు. ముందుగా స్కేలింగ్ ద్వారా పైనున్న గారను, రూట్ ప్లానింగ్ ద్వారా వేరుమీది గారను తొలగిస్తారు. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది. కొన్ని వారాలు ఆగి మరల పాకెట్ల లోతు కొలిచినప్పుడు, ఎక్కడైనా లోతు తగ్గక రక్తం కారుతూనే ఉంటే అప్పుడు ఫ్లాప్ సర్జరీ అవసరమవుతుంది. స్వీడన్ దేశస్థుడైన లియోనార్డ్ విడ్‌మన్ 1918లో ప్రకటించిన పద్ధతిని 1974లో రామ్‌ఫ్యోర్డ్, నిస్లే అనే వైద్యులు మెరుగుపరచారు. నేటికీ ఈ శస్త్రచికిత్సకు అదే ఒక ముఖ్యమైన ఆధారం.

మత్తు సూది ఇచ్చి, చిగురును పంటి నుండి పుస్తకపు పుటవలె మెల్లగా విడదీసి పైకి లేపుతారు. లోపల దాగిన గారను, చెడిన కండను కంటితో చూస్తూ తొలగిస్తారు. అవసరమైనచోట ఎముక అంచును సరిచేస్తారు, లేదా ఎముక పొడి నింపుతారు. తరువాత చిగురును తిరిగి పంటికి అదిమి కుట్లు వేస్తారు. కొందరికి పైన మెత్తని పట్టీని అద్దుతారు. అది కొద్దిసేపటికి గట్టిపడి ఇంచుమించు వారం రోజులు గాయాన్ని కాపాడుతుంది.

ఒకే ప్రక్రియ, రెండు ముఖాలు

ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనే ప్రక్రియను తెలుగులో శోథ అంటారు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి దీని నాలుగు లక్షణాలని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. శరీరంలోనికి చొరబడిన వాటిని తెల్ల రక్తకణాలు మింగివేస్తాయని 1882లో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ కనుగొన్నాడు. అందుకు 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

శస్త్రచికిత్సకు ముందు చిగుళ్లలో ఉన్నది శోథయే, తరువాత వచ్చేది కూడా శోథయే. కాని రెండింటి స్వభావం వేరు. ముందున్నది దీర్ఘకాలికమైనది. కారణమైన పాచి, గార అక్కడే ఉన్నందున దానికి అంతం లేదు, అది పడగొట్టే పని. తరువాత వచ్చేది తాత్కాలికమైనది. కారణాన్ని తొలగించారు కనుక గాయాన్ని శుభ్రపరచి, కొత్త కణజాలానికి చోటుచేసి అది తనంతట తాను తగ్గిపోతుంది. అది కట్టే పని. కావున వాపు వచ్చిందా లేదా అన్నది కాక, వచ్చిన వాపు రోజురోజుకూ ఏ దారి పట్టిందన్నది చూడాలి.

రోజుల లెక్క

మొదటి రోజు: కొద్ది నిమిషాలలోనే రక్తం గడ్డకట్టి చిగురుకు, పంటికి మధ్య సన్నని బంధంగా నిలుస్తుంది. గాయం మానడానికి ఇదే పునాది. గట్టిగా పుక్కిలిస్తే, బలంగా ఉమ్మితే, గొట్టంతో పీల్చి తాగితే ఈ గడ్డ కదిలిపోతుంది. లాలాజలం లేత గులాబి రంగులో ఉండడం ఆ రోజుకు సహజం.

రెండవ, మూడవ రోజులు: తెల్ల రక్తకణాలు గుంపుగా చేరి సూక్ష్మజీవులను, చనిపోయిన కణాలను తొలగిస్తాయి. రక్తనాళాల నుండి నీరు ఊరుతుంది. వాపు అత్యధికంగా కనిపించేది ఈ రెండు రోజులలోనే. చిగురు అంచునుండి పైపొర కణాలు గాయం మీదికి పాకడం కూడా అప్పుడే మొదలవుతుంది.

నాలుగవ రోజు నుండి వారం వరకు: వాపు దిగజారాలి. రక్తపు గడ్డ స్థానంలో ఎర్రని, మెత్తని లేత కండ ఏర్పడుతుంది. గాయం మీద తెల్లని లేక బూడిదరంగు పలుచని పొర కనిపిస్తుంది. చాలామంది దీనిని చీము అనుకొని గుడ్డతో తుడిచివేస్తారు. అది చీము కాదు, గాయానికి ప్రకృతి వేసిన కట్టు. చీమైతే చిగురును తాకినప్పుడు బయటికి వస్తుంది, దుర్వాసన, చెడు రుచి ఉంటాయి, నొప్పి పెరుగుతూ ఉంటుంది.

రెండవ వారం: సాధారణంగా 7 నుండి 14 రోజుల మధ్య కుట్లు తీస్తారు. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అల్లుకొంటుంటాయి. పైకి మానినట్లున్నా లోపలి అతుకు ఇంకా బలహీనమే.

నాలుగు వారాలు, ఆ తరువాత: చిగురు పంటికి హత్తుకొంటుంది. ఆపరేషన్ తరువాత కొంత ఎక్కువగా కదిలిన పళ్లు ఈ సమయానికి మునుపటి స్థితికి వస్తాయి. ఎముక మార్పులు ఎక్స్‌రేలో కనిపించడానికి ఆరు నెలలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందువలన తొలి వారాలలో చిగురు లోతు కొలవడానికి వైద్యులు తొందరపడరు.

వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణాలు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా కుట్లు తీసే తేదీ వరకు ఆగరాదు.

1. నాలుగవ రోజు దాటినా వాపు పెరుగుతూ ఉండడం, లేదా ఒకసారి తగ్గిన వాపు మరల రావడం.
2. జ్వరం, వణుకు.
3. చీము, నోటిలో విడవని చెడు రుచి.
4. శుభ్రమైన తడి గుడ్డను గాయంపై 20 నిమిషాలు కదపకుండా అదిమి ఉంచినా రక్తం ఆగకపోవడం.
5. తొలి రెండు మూడు రోజుల తరువాత నొప్పి తగ్గడానికి బదులు పెరగడం.
6. మరునాటికి కూడా పెదవి గాని, నాలుక గాని మొద్దుబారి ఉండడం.

దవడ క్రిందికి, మెడలోనికి వాపు దిగినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అది ప్రాణాపాయ సూచన. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలన్న పట్టింపు లేకుండా, రాష్ట్రం ఏదని చూడకుండా, దగ్గరలోని పెద్దాసుపత్రికి వెంటనే తీసుకొనిపోవాలి.

ఇంటివద్ద పాటించవలసినవి

మొదటి రోజు మంచుగడ్డను గుడ్డలో చుట్టి బుగ్గపైన, అనగా బయటివైపున, 20 నిమిషాలు ఉంచి 20 నిమిషాలు తీస్తూ ఉండాలి. పడుకొనేటప్పుడు తల కొంచెం ఎత్తులో ఉండాలి. తొలి 24 గంటలు పుక్కిలించరాదు. తరువాత గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి, నోటిలో నింపుకొని తలను అటూ ఇటూ వంచి మెల్లగా వదలాలి.

కోసినచోట బ్రష్షు తగలరాదు, మిగిలిన పళ్లను మాత్రం మరునాటి నుండే తోముకోవాలి. ఆపరేషన్ చేసినవైపు పాచి పేరుకోకుండా వైద్యులు క్లోర్‌హెక్సిడిన్ ద్రవాన్ని వ్రాసి ఇస్తారు. దీనిని చెప్పిన కొలతలో, చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలి. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దీని శక్తి తగ్గుతుంది గనుక అరగంట ఎడం ఇవ్వాలి. పళ్లకు గోధుమరంగు పట్టవచ్చు, నాలుకకు రుచి మారవచ్చు. రంగును వైద్యులు తరువాత తొలగిస్తారు.

నొప్పికి ఇచ్చే ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు వాపును కూడా తగ్గిస్తాయి. వీటిని భోజనం తరువాతనే వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తం పలుచబడడానికి మాత్రలు వాడేవారు వాటిని తమంత తాము మానరాదు. మాత్రను నూరి చిగురుపై పెట్టడం, లవంగ నూనె పచ్చిగాయంపై పూయడం వలన కణజాలం కాలినట్లవుతుంది.

వాపు కనిపించగానే దుకాణంలో రెండు యాంటిబయోటిక్ మాత్రలు కొని మింగడం మరొక పొరపాటు. తొలి రోజుల వాపు సూక్ష్మజీవుల దాడి కాదు, కనుక ఆ మందుకు అక్కడ పని లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో అదే మొదటిది. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను నేడు కొందరు చిగుళ్ల రోగులకు వైద్యులు ఇస్తున్నారు. ఇంతటి విలువైన మందులు అక్కరలేనిచోట వాడితే, అక్కరపడినచోట పనిచేయకుండా పోతాయి.

పప్పు తింటే చీము పడుతుందా?

గాయమైనవారికి పప్పు పెడితే చీము పడుతుందన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉన్నది. సరిహద్దు దాటి తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలలోను ఈ పథ్యం చెక్కుచెదరలేదు. పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి రోజుల తరబడి చారన్నం మాత్రమే పెడతారు. చీము సూక్ష్మజీవుల వలన వస్తుందే గాని పప్పు వలన రాదు. తెగిన చిగురును అతికించే కొల్లాజెన్ మాంసకృత్తులతో తయారవుతుంది. ఆ ముడిసరుకు పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో ఉన్నది. కొల్లాజెన్ గట్టిపడడానికి సి విటమిన్ కావాలి. అది బత్తాయి, నారింజ, ఉసిరి వంటి వాటిలో లభిస్తుంది.

పెద్దల పథ్యంలో తీసుకోదగినది కూడా ఉన్నది. కారం, ఊరగాయ, వేడి వేడి పదార్థాలు కూడదన్న మాట సరియైనదే. చల్లారిన రాగి జావ, మెత్తని పెరుగన్నం, పెసరకట్టు, పాలలో నానిన ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు మేలు. మురుకులు, మరమరాలు, ఎండిన జొన్నరొట్టె అంచులు, నువ్వులు కొన్నాళ్లు దూరంగా ఉంచాలి. ఇవి కుట్లలో చిక్కుకొంటాయి.

మానుడుకు అడ్డు తగిలేవి

మొదటిది పొగాకు. నికోటిన్ రక్తనాళాలను సన్నబరుస్తుంది, గాయానికి చేరవలసిన రక్తం తగ్గుతుంది. పొగత్రాగేవారికి వ్యాధి ఉన్నా చిగుళ్లనుండి రక్తం తక్కువగా కారడం వలన జబ్బు బయటపడదు కూడా. బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ మాత్రమే పొగాకు అనుకోరాదు. ఒడిశాలో పళ్లకు రుద్దుకొనే గుడాకు, మహారాష్ట్రలో పళ్లు తోముకొనే మిశ్రి, కర్ణాటకలో నమిలే కడ్డిపుడి, ఇవన్నీ పొగాకు సరుకులే. "నాకు అలవాట్లేమీ లేవు, పళ్లపొడి మాత్రమే వాడతాను" అని వైద్యునితో చెప్పే తల్లులు తమ పళ్లపొడి ఏదో కూడా చెప్పాలి. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరంలో కొందరు స్త్రీలకు ఉన్న అడ్డపొగ అలవాటు అంగిలికి సైతం ప్రమాదకరం.

రెండవది చక్కెర వ్యాధి. రక్తంలో చక్కెర అదుపు తప్పితే తెల్లకణాల పని మందగిస్తుంది, కొత్త కొల్లాజెన్ సరిగా ఏర్పడదు, తాత్కాలికంగా ఉండవలసిన వాపు నిలిచిపోతుంది. శస్త్రచికిత్సకు ముందే మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోవడం మంచిది. చిగుళ్ల శోథ తగ్గితే చక్కెర అదుపు కూడా కొంత మెరుగుపడుతుంది.

వైద్యునితో చెప్పవలసిన మాటలు

పొరుగు భాషలో వైద్యునికి బాధను వివరించడం పెద్దలకు కష్టంగా ఉంటుంది. కొన్ని మాటలు తెలిసి ఉంటే మేలు. చిగుళ్లను కన్నడంలో వసడు, తమిళంలో ఈరు, మరాఠీలో హిరడ్యా, ఒడియాలో మాఢి అంటారు. వాపు కన్నడంలో ఊత, తమిళంలో వీక్కం, మరాఠీలో సూజ్, ఒడియాలో ఫులా. చీము కన్నడంలో కీవు, తమిళంలో సీళ్, మరాఠీలో పూ, ఒడియాలో పూజ. తెలుగు చెవికి చివరి రెండు మాటలు పువ్వు, పూజ అని వినిపిస్తాయి గనుక పొరపడరాదు. "పూ ఉందా" అని నాగపూర్‌లో అడిగితే అది చీము గురించిన ప్రశ్న.

మందుల చీటీ మీద బి.డి. అని ఉంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే అని అర్థం. ఆసుపత్రి వదిలే ముందే కుట్లు తీసే తేదీని, రాత్రివేళ పిలవదగిన ఫోను నంబరును వ్రాయించుకోవాలి. వాపు మొదలైన రోజు, పెరిగిన రోజు, తగ్గిన రోజు ఒక కాగితంపై వ్రాసి ఉంచితే, ఫోనులో చెప్పినా వైద్యునికి పరిస్థితి అర్థమవుతుంది.

మానిన తరువాత

వాపు పూర్తిగా తీసిన తరువాత కొందరికి మరొక దిగులు పట్టుకొంటుంది. పళ్లు పొడవైనట్లు, మధ్య సందులు పెరిగినట్లు కనిపిస్తాయి, చల్లనీరు జివ్వుమంటుంది. ఇంతకాలం వాచి ఉన్న చిగురు బిగుసుకొని వెనుకకు జరగడమే ఇందుకు కారణం. జివ్వుమనడం కొన్ని వారాలలో చాలావరకు తగ్గుతుంది. అందుకు తగిన పేస్టులు కూడా ఉన్నాయి. పోయిన ఎముక మొత్తం తిరిగి వస్తుందని ఆశించరాదు. మిగిలిన ఎముకను, మిగిలిన పళ్లను నిలుపుకోవడమే ఈ చికిత్స ఆశయం.

అది నిలుపుకొనడం ఆపరేషన్ గదిలో కాక ఇంటి పెరటిలో జరిగే పని. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో నీమన్, లిండే, రోస్లింగ్ అనే వైద్యులు ఈ సంగతిని నిరూపించారు. శస్త్రచికిత్స తరువాత రెండు వారాలకు ఒకసారి పళ్లు శుభ్రపరచిన రోగులలో చిగుళ్లు రెండేళ్లపాటు స్థిరంగా ఉన్నాయని వారు 1976లో తెలిపారు. పాచిని అదుపు చేయని రోగులలో ఏ పద్ధతిలో ఆపరేషన్ చేసినా వ్యాధి మరల ముదిరిందని 1977లో ప్రకటించారు. శుభ్రత లేని శస్త్రచికిత్స వ్యర్థమని దీని సారాంశం.

కావున కుట్లు తీసిన తరువాత మెత్తని బ్రష్షుతో రెండు పూటలా తోముకోవాలి. పళ్ల సందులలో వైద్యులు చూపిన చిన్న బ్రష్షును వాడాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి పూర్తిగా మానాలి. తొలి ఏడాది మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవాలి. తోముకొనేటప్పుడు మరల రక్తం కనిపిస్తే, అది తోమడం మానమని చెప్పే గుర్తు కాదు. పాచి మరల నిలుస్తున్నదని, వైద్యుని చూడవలసిన రోజు వచ్చిందని తెలిపే గుర్తు.